తరిగొండ వెంగమాంబ – గురుపథం

పాఠ్యభాగ ఉద్దేశం

భక్తి సాధనలో గురువు ఆవశ్యకతను, నిజమైన గురువు లక్షణాలను పద్దెనిమిదో శతాబ్దికి చెందిన భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ జీవితం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

భగవంతుడు సర్వాంతర్యామి. భక్తుని హృదయంలోనే ఆయన కొలువై ఉన్నాడని శాస్త్రాలు చెబుతున్నాయి. అలాంటప్పుడు భక్తునికీ భగవంతునికీ నడుమ మరొక వ్యక్తి అవసరమేమిటన్న సందేహం జిజ్ఞాసువులకు కలగడం సహజం. ఈ సందేహాన్ని మన ప్రాచీనులు తోసిపుచ్చలేదు. దానికి ఓపికగా సమాధానం చెప్పారు. పరతత్త్వాన్ని తెలుసుకోగోరేవాడు సమిధలు చేతబూని, వేదవేత్త, బ్రహ్మనిష్ఠుడు అయిన గురువును ఆశ్రయించాలని ముండకోపనిషత్తు విధించింది. వినయంతో నమస్కరించడం, సందేహాలను ప్రశ్నించి తీర్చుకోవడం, సేవించడం అనే మూడింటి ద్వారా జ్ఞానుల నుండి జ్ఞానాన్ని పొందవలసిందిగా భగవద్గీత నాలుగో అధ్యాయం బోధించింది. భాగవత ఏకాదశ స్కంధంలోని అవధూత భూమిని, గాలిని, సముద్రాన్ని, తేనెటీగను, చివరకు సాలెపురుగును సైతం గురువులుగా భావించి, ఇరవై నలుగురు గురువుల నుండి తాను నేర్చిన పాఠాలను యదుమహారాజుకు వివరించాడు. నేర్చుకోవాలన్న తపన గలవానికి లోకమంతా గురుకులమేనని ఈ కథ తెలియజేస్తుంది.

తెలుగునాట వెలసిన మహాభక్తుల చరిత్రలను పరిశీలిస్తే దాదాపు ప్రతి జీవితంలోనూ గురువు ప్రసక్తి కనిపిస్తుంది. పదకవితాపితామహుడు తాళ్లపాక అన్నమాచార్యుడు అహోబిలంలో ఆదివన్ శఠగోపయతి వద్ద వేదాంత శిక్షణ పొందాడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మహమ్మదీయ కుటుంబంలో పుట్టిన సిద్ధయ్యను శిష్యునిగా స్వీకరించి, గురుశిష్య బంధానికి కులమతాలు అడ్డుకావని చాటాడు. విజయనగర ప్రాంతంలోని హోలియా గ్రామంలో జన్మించి, కాశీక్షేత్రంలో 1887లో సిద్ధిపొందిన త్రైలింగస్వామి భగీరథానంద సరస్వతి వద్ద సన్న్యాసదీక్ష స్వీకరించాడని సంప్రదాయం చెబుతున్నది. వీరందరూ పురుషులు. విద్యాభ్యాసానికి, తీర్థయాత్రలకు, గురువును వెదుక్కుంటూ దేశాలు తిరగడానికి వారికి లోకం అడ్డు చెప్పలేదు. అలాంటి స్వేచ్ఛ ఏమాత్రం లేని స్థితిలో ఉన్న ఒక స్త్రీకి గురువు లభిస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే తరిగొండ వెంగమాంబ జీవితాన్ని చదవాలి.

పూర్వపు చిత్తూరు జిల్లాలో, వాయల్పాడుకు సమీపంలో తరిగొండ అనే గ్రామం ఉంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. పెరుగు చిలుకుతున్న కుండలో స్వామి శిలారూపంలో వెలిశాడని, తరికుండ అన్న మాటే క్రమంగా తరిగొండగా మారిందని స్థలపురాణం. ఆ గ్రామంలో కానాల కృష్ణయ్య, మంగమాంబ అనే నందవరీక బ్రాహ్మణ దంపతులకు 1730లో వెంగమాంబ జన్మించింది. తిరుమల వేంకటేశ్వరుని అనుగ్రహంవల్ల కలిగిన బిడ్డ గనుక తల్లిదండ్రులు ఆమెకు ఆ స్వామి పేరు పెట్టుకున్నారు.

వెంగమాంబ జీవించిన కాలం రాయలసీమలో అశాంతి నిండిన కాలం. గుర్రంకొండ, మదనపల్లె ప్రాంతాలు కడప నవాబుల నుండి హైదర్ అలీ, టిప్పు సుల్తానుల చేతికి, వారి నుండి నిజాం చేతికి మారి, చివరకు 1800లో దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. సైన్యాల రాకపోకలతో పల్లెలు నలిగిపోయేవి. అయినా ఆలయాలలో పూజలు, పురాణ పఠనాలు, యక్షగాన ప్రదర్శనలు సాగుతూనే ఉండేవి. వెంగమాంబకు బాల్యంలో లభించిన చదువు ఇంచుమించు ఆ వాతావరణమే. పురాణకథలు వింటూ, నరసింహస్వామి సన్నిధిలో గంటల తరబడి ధ్యానంలో కూర్చునే ఆ బాలికను చూసి కొందరు మెచ్చుకున్నారు. కొందరు ఆమెకు మతి చలించిందని ప్రచారం చేశారు.

ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు చిన్న వయసులోనే వేంకటాచలపతి అనే వరునితో వివాహం జరిగింది. అయితే అనతికాలంలోనే భర్త మరణించాడు. బాలవితంతువుల పట్ల నాటి సమాజం అనుసరించిన నియమాలు ఎంత కఠినమైనవో మనం ఊహించడం కూడా కష్టమే. శిరోముండనం చేయించుకోవాలి, పసుపుకుంకుమలను, పూలను త్యజించాలి, శుభకార్యాలకు దూరంగా ఉండాలి, జీవితాంతం ఇంటి మూలన మసలుకోవాలి. వెంగమాంబ ఈ నియమాలకు తలవంచలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అని, నిత్యుడైన స్వామికి భార్యనైన తనకు వైధవ్యం లేదని నిశ్చయించుకుంది. కేశాలను తీయించుకోలేదు, కుంకుమను తుడుచుకోలేదు. బంధువులు నిందించారు. గ్రామస్థులు వెలివేసినంత పని చేశారు.

ఇటువంటి దశలో ఆమెకు లభించిన ఆలంబనమే గురువు. మదనపల్లె నివాసి రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆ ప్రాంతంలో పండితునిగా, యోగసాధకునిగా పేరు పొందినవాడు. లోకం అమంగళమూర్తిగా భావించి దూరంగా ఉంచిన యువతిలోని జ్ఞానతృష్ణను ఆయన గుర్తించాడు. ఆమెను శిష్యురాలిగా స్వీకరించి మంత్రోపదేశం చేశాడు, యోగమార్గాన్ని బోధించాడు, వేదాంత రహస్యాలను విశదపరచాడు. వేదాంత విద్య స్త్రీకి తగదని పలువురు భావిస్తున్న కాలంలో, అందునా సంఘం నిరసించిన ఒక వితంతువుకు దానిని బోధించడం సామాన్యమైన సాహసం కాదు. గురువుకు శాస్త్రజ్ఞానం ఉంటే చాలదు, అర్హతను గుర్తించే చూపు కూడా ఉండాలనడానికి సుబ్రహ్మణ్యశాస్త్రి చక్కని నిదర్శనం.

వెంగమాంబ తన గురువును ఎన్నడూ మరువలేదు. తన కృతులలో తరిగొండ నరసింహస్వామితో పాటు సుబ్రహ్మణ్యగురువునూ భక్తితో స్మరించింది. అయితే ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. తాను చిన్ననాట ఏ ఉపాధ్యాయుని వద్దా ఓనమాలు సైతం నేర్వలేదని, ఛందస్సు గాని అలంకారశాస్త్రం గాని అభ్యసించలేదని, స్వామియే తనచేత పలికించాడని ఆమె చెప్పుకుంది. ఒకవైపు గురుస్తుతి, మరొకవైపు గురువు వద్ద చదవలేదన్న మాట. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఆలోచిస్తే వైరుద్ధ్యం లేదని తెలుస్తుంది. అక్షరాలు నేర్పేవాడు వేరు, ఆత్మను మేల్కొలిపేవాడు వేరు. మొదటివాడు తనకు తెలిసినది శిష్యునికి అందిస్తాడు. రెండవవాడు శిష్యునిలో ఉన్నదానిని శిష్యునికే చూపిస్తాడు. వెంగమాంబకు లభించినవాడు రెండవ తరగతికి చెందిన గురువు. ఆమె మాటల్లో కవిసహజమైన వినయం ఉన్నమాట నిజమే. కాని ఆనాటి ఆడపిల్లలకు క్రమమైన విద్య అందలేదన్న చేదు వాస్తవం కూడా ఆ మాటల వెనుక దాగి ఉంది.

గురూపదేశం ఫలించిన తీరు ఆమె రచనలలో వ్యక్తమవుతుంది. తరిగొండలో ఉన్న కాలంలోనే ఆమె తరిగొండ నృసింహ శతకం, నృసింహ విలాస కథ, శివనాటకం, బాలకృష్ణ నాటకం, రాజయోగామృతసారం మొదలైనవి రచించింది. వీటిలో రాజయోగామృతసారం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ద్విపద ఛందస్సులో సాగిన ఈ కృతికి ఆధారం కపిల దేవహూతి సంవాదం. సాంఖ్యాచార్యుడైన కపిలుడు తన తల్లి దేవహూతికి తత్త్వాన్ని ఉపదేశించిన ఘట్టం అది. ఇందులో గురువు కుమారుడు, శిష్యురాలు తల్లి. జ్ఞానాన్ని అర్థించే స్త్రీ, ఆమె ప్రశ్నలకు విసుగు లేకుండా బదులిచ్చే గురువు గల ఇతివృత్తాన్ని వెంగమాంబ ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. తన జీవితంలో జరిగినదానికి ఆమె పురాణకథలో ప్రతిబింబాన్ని చూసుకుంది.

ఆమె జీవితంలోని ఒక ఘట్టాన్ని జనశ్రుతి నేటికీ చెప్పుకుంటున్నది. ఒకసారి ఒక పీఠాధిపతి తరిగొండకు విచ్చేశాడట. ఆచారాన్ని అతిక్రమించిందని గ్రామస్థులు వెంగమాంబపై ఆయనకు ఫిర్యాదు చేశారట. తన ఎదుట నమస్కరించవలసిందిగా ఆయన ఆదేశించగా, ఆయన ముందుగా ఆసనం నుండి దిగాలని ఆమె కోరిందట. ఆయన దిగిన తరువాత ఆమె ఆ ఆసనానికి నమస్కరించగానే అది అగ్నికి ఆహుతి అయిందట. ఇది భక్తులు కల్పించుకున్న మహిమ కావచ్చు. కాని ఇందులోని అంతరార్థం మాత్రం విలువైనది. పదవి వల్ల వచ్చే అధికారం వేరు, అనుభవం వల్ల వచ్చే గురుత్వం వేరు. సుబ్రహ్మణ్యశాస్త్రి పాదాలకు నిస్సంకోచంగా మోకరిల్లిన వెంగమాంబయే ఆజ్ఞాపించిన అధికారానికి లొంగలేదని జనం చెప్పుకున్నారు. గురుభక్తి అంటే దాస్యం కాదన్న సత్యాన్ని ప్రజల ఊహాశక్తి ఈ కథలో భద్రపరచింది.

క్రమంగా తరిగొండలో ఆమె సాధనకు ఆటంకాలు పెరిగాయి. నరసింహస్వామి ఆలయంలో ఆంజనేయ విగ్రహం వెనుక కూర్చుని ఆమె ధ్యానం చేసుకునేదని, అర్చకుడు అది సహించక ఆమెను బయటకు నెట్టివేశాడని చెబుతారు. అప్పుడామె జన్మస్థలాన్ని విడిచి, తాను భర్తగా భావించిన వేంకటేశ్వరుని సన్నిధికి తిరుమల చేరుకుంది. కొండపైన తాళ్లపాక వంశీకులు ఆమెకు నివాసం కల్పించి ఆదరించారు. అక్కడా పొరుగువారి నుండి ఇబ్బందులు తప్పలేదు. ఏకాంతాన్ని కోరి ఆమె శేషాచల అడవులలోని తుంబురుకోన చేరి, గుహలో చాలాకాలం తపస్సు చేసింది. గురువు చూపిన యోగమార్గంలో ఒంటరిగా నడవగల శక్తి అప్పటికి ఆమెకు అలవడింది. శిష్యుణ్ణి ఎల్లకాలం తన మీద ఆధారపడేలా ఉంచుకునేవాడు గురువు కాడు, ఒంటరిగా నడిచే శక్తినిచ్చేవాడే గురువు.

తపస్సు ముగించి తిరిగి తిరుమల చేరిన వెంగమాంబను భక్తులు మాతృమూర్తిగా గౌరవించారు. శ్రీ వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం, విష్ణుపారిజాతం, చెంచు నాటకం, రమాపరిణయం, ముక్తికాంతా విలాసం, జలక్రీడా విలాసం, అష్టాంగయోగసారం, వాసిష్ఠ రామాయణం, తత్త్వకీర్తనలు మొదలైనవి ఆమె తిరుమలలో రచించిన కృతులు. శతకం, ద్విపద, పద్యకావ్యం, యక్షగానం, కీర్తన అనే వివిధ ప్రక్రియలలో ఆమె రచనలు పద్దెనిమిది దాకా ఉన్నాయి. వీటిలోనూ గురుశిష్య సంబంధం ప్రధానాంశంగా కనిపిస్తుంది. వాసిష్ఠ రామాయణంలో విరక్తుడైన రామునికి వసిష్ఠుడు తత్త్వోపదేశం చేస్తాడు. అవతారపురుషునికే గురువు అవసరమైనప్పుడు సామాన్యుని మాట చెప్పనక్కరలేదు. గొల్లకలాపం అన్న ప్రక్రియకు చెందినది ఆమె గోపికా నాటకం. చల్లలమ్మే గొల్లభామ పాండిత్యగర్వం గల బ్రాహ్మణునికి తత్త్వం విప్పి చెప్పడం ఆ ప్రక్రియ ప్రత్యేకత. గురుత్వం పుట్టుకతో గాని, వేషంతో గాని, లింగభేదంతో గాని వచ్చేది కాదన్న భావానికి ఇంతకంటె చక్కని కళారూపం ఉండబోదు.

ఆమె భక్తి రచనలకే పరిమితం కాలేదు. కొండకు కాలినడకన వచ్చే యాత్రికుల ఆకలిదప్పులను గమనించి అన్నదానం, చలివేంద్రం నిర్వహించింది. తిరుమలలో తిరుమల తిరుపతి దేవస్థానం 1985లో నిత్యాన్నదాన పథకాన్ని ప్రారంభించింది. 2011లో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన విశాలమైన అన్నప్రసాద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టడం ఆమె సేవకు లభించిన సముచిత గౌరవం. శ్రీవారికి రాత్రి జరిగే ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి సంప్రదాయంగా స్థిరపడ్డాయి. వెంగమాంబ పేరిట సమర్పించే ఆ హారతికి ముత్యాలహారతి అని పేరు. ఒకనాడు ఊరి గుడి నుండి వెళ్లగొట్టబడిన స్త్రీ పేరిట కలియుగ వైకుంఠంలో ప్రతి రాత్రీ హారతి వెలగడం గమనార్హం.

వెంగమాంబ 1817లో తిరుమలలో సిద్ధిపొందింది. అప్పటికామె వయస్సు ఇంచుమించు ఎనభై ఏడేళ్లు. తిరుమలలో ఆమె బృందావనాన్ని భక్తులు నేటికీ దర్శించుకుంటున్నారు.

ఈ జీవితం నుండి గురువు ఆవశ్యకతకు సంబంధించి మనం గ్రహించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. వెంగమాంబకు భక్తిని గురువు ఇవ్వలేదు. అది ఆమెలో బాల్యం నుండీ ఉంది. అయితే మార్గం తెలియని భక్తి కట్టలు లేని ఏరు వంటిది. అది పొంగి పొరలవచ్చు గాని పంటచేనుకు చేరదు. దానికి గట్లు వేసి, దిశ చూపి, ఫలవంతం చేసినవాడు సుబ్రహ్మణ్యశాస్త్రి. లోకమంతా ఆమె నమ్మకాన్ని పిచ్చి అంటున్నప్పుడు, అది పిచ్చి కాదని ధైర్యం చెప్పగల అనుభవజ్ఞుడు ఒక్కడు అవసరం. సాధకునికి తనలోని అనుభూతి సత్యమో భ్రమో తేల్చుకోవడం కష్టం. ఆ దారిలో ముందు నడిచినవాడే దానిని నిర్ణయించగలడు. గురువు భక్తునికీ భగవంతునికీ నడుమ అడ్డుగోడ కాడు, తెరచిన తలుపు.

అలాగని కనిపించిన ప్రతివారినీ గురువుగా నమ్మమని మన సంప్రదాయం చెప్పలేదు. గురువు శాస్త్రజ్ఞుడై ఉండాలని, తాను బోధించేదానిలో నిలిచినవాడై ఉండాలని ఉపనిషత్తు నియమం విధించింది. శిష్యుడు ప్రశ్నించాలని గీత చెప్పింది. ప్రశ్నను నేరంగా భావించేవాడు, ధనాన్నో కీర్తినో ఆశించి శిష్యులను కూడగట్టేవాడు, భయపెట్టి లొంగదీసుకునేవాడు గురువనే పేరుకు అర్హుడు కాడు. వెంగమాంబ ఒక గురువును ఆశ్రయించింది. అయినా అధికారం చెలాయించిన ప్రతివారికీ తలవంచలేదు. ఆశ్రయించడం, తలవంచకపోవడం అనే ఈ రెండు గుణాలూ ఒకే వ్యక్తిలో ఉండగలవని, ఉండాలని ఆమె జీవితం నిరూపించింది. విద్యార్థి దశలో ఉన్నవారు ఆమె నుండి నేర్చుకోవలసిన పాఠం ఇదే.

కఠిన పదాలు – అర్థాలు

జిజ్ఞాసువు : తెలుసుకోవాలనే కోరిక గలవాడు
సమిధ : హోమంలో వేసే పుల్ల
బ్రహ్మనిష్ఠుడు : పరబ్రహ్మమునందు నిలిచిన మనస్సు గలవాడు
తరి : పెరుగు చిలకడం
వైధవ్యం : భర్తను కోల్పోయిన స్థితి
శిరోముండనం : తల గొరిగించడం
ఆలంబనం : ఆధారం
జ్ఞానతృష్ణ : జ్ఞానం కోసం దప్పిక
యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
జనశ్రుతి : ప్రజలు పరంపరగా చెప్పుకునే మాట

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వెంగమాంబ జీవితంలో సుబ్రహ్మణ్యశాస్త్రి పాత్రను వివరించండి.
2. నిజమైన గురువు లక్షణాలను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తరిగొండ గ్రామానికి ఆ పేరు ఎలా వచ్చింది?
2. రాజయోగామృతసారం ఇతివృత్తం ప్రత్యేకత ఏమిటి?
3. వెంగమాంబ సేవకు తిరుమలలో లభించిన గౌరవాలను పేర్కొనండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. అక్షరాలు నేర్పేవాడు వేరు, ఆత్మను మేల్కొలిపేవాడు వేరు.
2. గురువు భక్తునికీ భగవంతునికీ నడుమ అడ్డుగోడ కాడు, తెరచిన తలుపు.

ఈ. ఏకపద, వాక్య సమాధాన ప్రశ్నలు
1. వెంగమాంబ తల్లిదండ్రులెవరు?
2. వెంగమాంబ తపస్సు చేసిన కోన ఏది?
3. దేవహూతికి తత్త్వాన్ని ఉపదేశించినదెవరు?
4. ఏకాంతసేవలో వెంగమాంబ పేరిట సమర్పించే హారతి ఏది?